హార్డ్ డిస్కు తుక్కులో అయస్కాంతమే అసలు సరుకు

(మా వాణిజ్య ప్రతినిధి)

పాత కంప్యూటర్ల హార్డ్ డిస్కులను ఇప్పటికీ చాలా చోట్ల గుత్తగా కాటా వేసి అమ్ముతున్నారు. ఈ పద్ధతిలో వర్తకునికి గిట్టేది అల్యూమినియం, ఇనుము కలగలిసిన తుక్కు ధర మాత్రమే. అదే సరుకును విప్పి, రకాల వారీగా రాశులు పోస్తే నాలుగైదు ధరలు పలుకుతుంది. వీటిలో అన్నిటికన్నా తక్కువ తూగే అయస్కాంతానికే ముందు ముందు గిరాకీ పెరిగే సూచనలు కనిపిస్తున్నవి.

డెస్క్‌టాప్‌లలో వాడే మూడున్నర అంగుళాల డిస్కు అర కిలో నుంచి 700 గ్రాముల దాకా తూగుతుంది. అందులో పెద్ద వాటా అల్యూమినియం పోత దిమ్మది. స్టార్ స్క్రూలు, ఉక్కు మూత, మోటారు తీసివేస్తే ఇది శుభ్రమైన పోత అల్యూమినియం కింద చెల్లుతుంది. ఇనుము మిగిలితే కొనుగోలుదారు తరుగు తీయడం ఖాయం. మోటారు చుట్టలో కొద్దిపాటి రాగి ఉంటుంది. సర్క్యూట్ బోర్డులో రాగితో పాటు బంగారు పూత ఉన్నందున దానిని ఎప్పుడూ విడిగానే బేరం చేయాలి.

పళ్లాలపై అపోహ

మెరిసే పళ్లాలు ప్లాటినం అని చెప్పి అమ్మజూపే దళారులు అక్కడక్కడ ఉన్నారు. పళ్లెం మీది అయస్కాంత పూతలో ప్లాటినం ఉన్న మాట నిజమే కాని, ఆ పూత మందం మిల్లీమీటరులో లక్షో వంతు లెక్కన ఉంటుంది. చిన్న వర్తకునికి అది దక్కేది కాదు. పళ్లెం అల్యూమినియమా, గాజా అన్నదే చూసుకోవలసినది. లాప్‌టాప్ డిస్కులలో చాలావరకు గాజు పళ్లాలే. పొరపాటున అల్యూమినియం రాశిలో కలిస్తే లాటు మొత్తం ధర పడిపోతుంది.

అయస్కాంతం లెక్క

పళ్లాల పక్కన సూదిని ఆడించే అయస్కాంతం నియోడిమియం, ఇనుము, బోరాన్‌ల మిశ్రమం. పెద్ద డిస్కులో 10 నుంచి 20 గ్రాములు ఉంటుంది. అంటే 1000 డిస్కులకు 10 నుంచి 20 కిలోలు. అందులో సుమారు 30 శాతం రేర్ ఎర్త్ లోహాలే. ఇనుప పట్టీ అయస్కాంతం కంటే బరువు కనుక, పట్టీతో తూచిన ధర, విడిగా తూచిన ధర ఒకటి కావు.

ఈ సరుకులో చైనాదే పైచేయి. 2010లో ఆ దేశం ఎగుమతి కోటాలు తగ్గించగా 2011లో ధరలు ఆకాశాన్నంటాయి. 2025 ఏప్రిల్‌లో డిస్ప్రోసియం, టెర్బియం సహా ఏడు లోహాలపైన, అవి కలిసిన అయస్కాంతాలపైన అనుమతుల నిబంధన విధించడంతో మన మోటారు వాహన పరిశ్రమ ఇబ్బంది పడింది. ఇంత గిరాకీ ఉన్నా, ప్రపంచంలో రేర్ ఎర్త్ అవసరాలలో ఎలక్ట్రానిక్ తుక్కు నుంచి తీరేది ఒక శాతమేనని 2024 నాటి ప్రపంచ ఈ-వ్యర్థాల నివేదిక తెలిపింది.

మిగిలినదంతా ఎక్కడికి పోతున్నది? సమాచారం బయటపడుతుందన్న భయంతో బ్యాంకులు, కంపెనీలు డిస్కులను మరలో వేసి తునకలు చేయిస్తున్నవి. అయస్కాంతం ముక్కలై ఉక్కు తునకలకు అతుక్కుని కొలిమికి చేరుతుంది. అక్కడ నియోడిమియం చిట్టెంలో కలిసిపోతుంది. పళ్లాలను మాత్రమే ధ్వంసం చేసి ధ్రువపత్రం ఇస్తామని అమ్మకందారును ముందే ఒప్పించగలిగితే ఉభయులకూ లాభమే. విప్పేటప్పుడు అయస్కాంతాన్ని రంపంతో కోయడం, సానపట్టడం ప్రమాదకరం. దాని పొడి ఇట్టే అంటుకుంటుంది.

చట్టం మాట

2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం రీసైక్లర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావాలి. నమోదైనవారు నమోదు లేని రీసైక్లర్లతో లావాదేవీలు జరపరాదు. కావున చిన్న వర్తకులు నమోదైన సంస్థతో ఒప్పందం కుదుర్చుకోవడం మేలు. 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్ట్రేషను లేనివారి వద్ద లోహపు తుక్కు కొంటే జీఎస్టీ చెల్లించవలసినది కొన్న రిజిస్టర్డ్ వర్తకుడే. బేరం కుదిరే ముందే ఈ ఖర్చు లెక్కలో వేసుకోవాలి.

కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఎలక్ట్రానిక్ తుక్కు కూడా దాని పరిధిలోనిదే. హైదరాబాదులోని సీ-మెట్ ఎలక్ట్రానిక్ తుక్కు నుంచి లోహాలు రాబట్టే విధానాలపైన, ఎన్‌ఎఫ్‌టీడీసీ రేర్ ఎర్త్ అయస్కాంతాల తయారీపైన పని చేసినవి. అంటే ఈ విద్య మన ముంగిట్లోనే ఉన్నది. కావలసినది శుభ్రంగా వేరుచేసిన సరుకు.

ముందు చూపు

కొత్త లాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీలు వస్తున్నవి. వాటిలో పళ్లెమూ లేదు, అయస్కాంతమూ లేదు. అందువల్ల ఇళ్ల నుంచి వచ్చే సరుకు రాబడి క్రమంగా సన్నగిల్లగలదు. డేటా సెంటర్లలో మాత్రం హార్డ్ డిస్కుల వాడకం పెద్ద ఎత్తున సాగుతున్నది. వాటిని కొన్నేళ్లకొకసారి మారుస్తారు. రానున్న కాలంలో పెద్ద లాట్లు అక్కడి నుంచే రావలసి ఉన్నది. విడదీసే ఏర్పాటు, నమోదు పత్రాలు సిద్ధంగా ఉన్న వర్తకులకే అవి దక్కుతాయి. గుత్త బేరానికి అలవాటు పడినవారు అయస్కాంతాన్ని ఇకముందు కూడా ఇనుము ధరకే వదులుకోవలసి వస్తుంది.