ఇల్లా? బజారా?

"ఏంరా, మీ నాయన గొంతు యాడికి పోయింది?"

మా అమ్మ వేసిన ఈ ప్రశ్నకు నిరుడు వేసవిలో నేను మూడు రోజులపాటు జవాబు చెప్పలేకపోయాను.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. చిలమత్తూరు ఇంట్లో ఆయన భాగవత పద్యాలు చదివి అర్థం చెబుతుండగా పట్టిన క్యాసెట్లు పదకొండు మిగిలాయి. టేపులకు బూజు పట్టకముందే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. గంట క్యాసెట్టు ఎక్కాలంటే గంటా పడుతుంది. ఆ పనిలో తొందర చెల్లదు. అందులో ఆరో క్యాసెట్టంటే అమ్మకు ప్రాణం. ఎందుచేతనంటే, దాని మధ్యలో "పొద్దుపోయింది, అన్నానికి లేయండి" అని అమ్మ వంటింట్లోనుంచి పిలిచిన పిలుపు కూడా పడింది.

కంప్యూటర్ వుండేది వెనుకగదిలో. అందులో సినిమాలూ, పాటలూ, నాయన పద్యాలూ వున్న ఫోల్డర్‌ను ఇంటి నెట్‌వర్క్ మీద పంచిపెట్టాను. నడవాలో టీవీకి తగిలించిన చిన్న పెట్టె ఆ ఫోల్డర్‌ను తెరిచి చూపుతుంది. అమ్మ రిమోట్ నొక్కితే నాయన పలికేవారు.

వేసవిలో ఒకనాటి సాయంత్రం ఉరుములు మెరుపులతో వాన కురిసి మా రౌటరు కాలిపోయింది. మర్నాడు కొత్తది పెట్టించాము. నెట్ వచ్చింది, నాయన రాలేదు. ఫోల్డర్ కనబడటం లేదని టీవీమీద ఒక ముక్క రాసి వున్నది, అంతే. ఆబ్దికం ఇంకా నాలుగు రోజులున్నది.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఇటువంటి వేళ కూడా శాస్త్రమే గుర్తుకు వస్తుంది కాబోలు! మీమాంసకులలో భాట్టులు 'అనుపలబ్ధి' అని ఒక ప్రమాణం చెబుతారు. నేలమీద కుండ కనబడకపోతే అక్కడ కుండ లేదని తెలుసుకొంటాము. అయితే అందుకొక షరతున్నది. కుండే వుంటే కనబడి తీరవలసిన పరిస్థితి వుండాలి. వెలుతురు వుండాలి, కన్ను సరిగా వుండాలి, మధ్య అడ్డం వుండకూడదు. చీకట్లో కనబడని కుండను లేదనడానికి వీల్లేదు. కంప్యూటర్ జబ్బు కనిపెట్టడమంటే ఈ షరతులను ఒక్కొక్కటిగా పరీక్షించడమేనని నాకు తెలిసివచ్చింది.

మొట్టమొదట వెనుకగదికి పోయి కంప్యూటర్‌లోనే చూశాను. పదకొండూ వున్నాయి! ప్రాణం లేచివచ్చింది. కుండ వున్నది, చీకటి మధ్యలో ఎక్కడో వున్నది.

తరువాత తీగె. లేపాక్షి మాకు పొరుగే. అక్కడి వీరభద్రాలయంలో వేలాడే స్తంభం కింద చూడవచ్చినవారు గుడ్డ దూర్చి లాగుతూ వుంటారు. స్తంభం నేలకు ఆనినట్లే వుంటుంది, పూర్తిగా ఆనదు. నెట్‌వర్క్ తీగె సంగతీ ఒక్కొక్కప్పుడు ఇంతే. అందుచేత దాన్ని ఊడదీసి, టక్కుమనేదాకా మళ్ళీ నొక్కాను. లాభం లేదు.

తరువాత చిరునామా. ఇంట్లోని ప్రతి యంత్రానికీ రౌటరు ఒక అంకెల చిరునామా ఇస్తుంది. పాత రౌటరు మా కంప్యూటర్‌కు 192.168.0.10 అని ఇచ్చింది. టీవీ పెట్టె దాన్నే కంఠస్థం చేసింది. కొత్త రౌటరు పంచే చిరునామాలన్నీ 192.168.1 తో మొదలౌతున్నాయి. ఇల్లు మారినా పోస్టుమాను పాత వీధిలోనే తిరుగుతున్నాడన్నమాట! 'ఐపీకాన్ఫిగ్' అనే ఆజ్ఞ ఇస్తే కంప్యూటర్ తన కొత్త చిరునామా చెప్పింది. అది ఇక మారకుండా రౌటరులో దాని పేరిట రిజర్వు చేసి, టీవీ పెట్టెకు కూడా నేర్పాను. అయినా పలకదు. 'పింగ్' అని ఇంకో యంత్రంనుంచి పలకరించి చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మూడోనాటికి అసలు కిటుకు మా అబ్బాయి కనిపెట్టాడు. కొత్త నెట్‌వర్క్ తగిలినప్పుడు కంప్యూటర్‌కు ఒక సందేహం వస్తుంది: ఇది 'పబ్లిక్' నెట్‌వర్కా, 'ప్రైవేట్' నెట్‌వర్కా? మన మాటల్లో చెప్పాలంటే, ఇది బజారా, ఇల్లా? రైలు స్టేషన్‌లోనో, హోటల్లోనో తగులుకొంటే అది బజారు. అక్కడ తన ఫోల్డర్లు ఎవరికీ చూపదు, పలకరించినా పలకదు. ముఖమెరుగని కొత్త రౌటరును చూసి మా కంప్యూటర్ సొంత ఇంటినే బజారనుకొని తలుపు గడియ వేసుకొన్నది. 'ప్రైవేట్' అని మార్చగానే పలికింది.

కాని, చిరునామా మారింది గనుక టీవీ పెట్టె మళ్ళీ పేరూ పాస్‌వర్డూ అడిగింది. అది ఎవరికి గుర్తు? అమ్మ తొందర, మా తొందర. మావాడు ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన సలహాలన్నీ ఒక్కసారిగా అమలుపరిచాడు. పాస్‌వర్డ్ తీసేశాడు, ఫైర్‌వాల్ ఆపేశాడు, ఫోల్డర్ మీద అందరికీ సర్వాధికారాలు ఇచ్చేశాడు. ఎస్ఎంబీ1 అనే పాత పద్ధతిని కూడా తెరిచిపెట్టాడు. నాయన పలికారు. అమ్మ కళ్ళు తుడుచుకొన్నది. బజారనుకొన్నదాన్ని ఇల్లు చేయబోయి, మేము ఇంటిని నిజంగానే బజారు చేశామని అప్పుడు తోచలేదు.

మర్నాడు, ఆబ్దికానికి ముందురోజున, చుట్టాలు దిగారు. ఒక అమ్మాయి పద్యాలు వింటానంటే ఫోనులో ఆ ఫోల్డర్ తెరిచి ఇచ్చాము. ఫోనులో జాగా చాలక, విన్నవి తన ఫోనులోనే వున్నాయనుకొని, కొన్ని తుడిచేసింది. తుడిచినవాటిలో ఆరో క్యాసెట్టు వున్నది. చెత్తబుట్టలో వుంటుందిలే అనుకొని చూశాను, లేదు. నెట్‌వర్క్ మీదనుంచి తుడిచినవి కంప్యూటర్‌లోని చెత్తబుట్టకు రావు, నేరుగా పోతాయి. ఈసారి వెలుతురూ వున్నది, కన్నూ వున్నది; కుండే లేదు. క్యాసెట్టు తీసి చూస్తే, టేపు ముట్టుకొంటే తెగేటట్లున్నది.

ఆ పిల్ల ఏడుపు చూడలేకపోయాము. తప్పు దానిది కాదు. తుడిచే అధికారం ఇచ్చిన మాది.

ధర్మవరంలో వున్న అక్కకు ఫోను చేశాను. "ఎందుకురా అంత కంగారు? అప్పుడు నువ్వు ఇచ్చిన పెన్‌డ్రైవ్ చీరల బీరువాలో ఉండాది. రేత్రికి వచ్చేటప్పుడు తెస్తా" అన్నది. పదకొండూ అందులో భద్రంగా వున్నాయి.

ఆ రాత్రి కూర్చొని ఈ పంచుకొనే పద్ధతి చరిత్ర కొంత చదివాను. ఎస్ఎంబీ 1980ల్లో ఐబీఎం సంస్థలో పుట్టింది. ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆస్ట్రేలియా యువకుడు 1991 చివర దీన్ని ఇతర కంప్యూటర్లకు కూడా పట్టుబడేటట్లు రాశాడు. తాను అంతకుముందు పెట్టిన పేరు మరొక సంస్థ సొత్తని తెలిసి, ఎస్, ఎం, బి అక్షరాలున్న మాటకోసం నిఘంటువు గాలించి 'సాంబా' అని పెట్టాడు. మన సాంబశివుడు కాదు, బ్రెజిల్‌వారి నాట్యం! నిఘంటువు ఇందుకు కూడా పనికివచ్చిందని నాకు సంతోషం కలిగింది.

కాని మావాడు తెరిచిన ఎస్ఎంబీ1 లోని లొసుగుగుండానే 2017 మే 12న 'వానాక్రై' అనే పురుగు లోకంమీద పడింది. ఫైళ్ళకు తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తానన్నది. 150కి పైగా దేశాల్లో లక్షలాది కంప్యూటర్లు చిక్కుకొన్నాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవి కూడా కొన్ని. మైక్రోసాఫ్ట్ మందు విడుదల చేసింది అంతకు రెండు నెలల ముందే. వేసుకోనివారికి రోగం వచ్చింది. ఆ ఏటి చివరనుంచి వచ్చిన కొత్త విండోస్‌లో ఎస్ఎంబీ1 ను మామూలుగా పెట్టడమే మానేశారు. మూసిన ఆ తలుపును మేము పనిగట్టుకొని తెరిచామన్నమాట!

తెల్లవారేలోగా అన్నీ సరిచేశాము. పాత పద్ధతి మూశాము, ఫైర్‌వాల్ మళ్ళీ పెట్టాము. టీవీ కోసం వేరే పేరు, పాస్‌వర్డు సృష్టించి, దానికి చదివే అధికారం మాత్రమే ఇచ్చి, పుస్తకంలో రాసిపెట్టాము. ఇక ఎవరు ఏది నొక్కినా వినవచ్చును గాని తుడవలేరు. పంచిపెట్టడం వేరు, నకలు తీయడం వేరు. నాలుగు గదుల్లో వినబడినా వస్తువు ఒక్కటే. అందుచేత ఒక నకలు ధర్మవరంలోనే వుంచి, ఏటా ఆబ్దికానికి తెచ్చి తెరిచి చూడాలని అక్కా నేనూ అనుకొన్నాము.

ఆనాడు భోజనాలయ్యాక ఆరో క్యాసెట్టు పెట్టాను. నాయన పద్యం మధ్యలో వుండగా "పొద్దుపోయింది, అన్నానికి లేయండి" అని అమ్మ పిలుపు వినబడింది. ఆయన ఆపలేదు, పద్యం సాగిస్తూనే వున్నారు.

"అప్పుడూ లేయల్యా, ఇప్పుడూ లేయల్యా" అని అమ్మ నవ్వింది.