నురగ పురిటిల్లు

హుకుంపేట మండలంలో తొలకరి పడిన రాత్రి కంటి మీద కునుకు పడాలంటే కప్పలు ఒప్పుకోవాలి. గెడ్డ పక్క మడుల్లో మొదలైన బెకబెక తెల్లారినా ఆగదు. గొంతు చించుకునేవన్నీ మగవే. ఆడకప్ప ఆ గోలలో తన జాతి పిలుపును పోల్చుకుని అటు కదులుతుంది. బోదురుకప్పల్లో మగవాటికి గొంతొక్కటే చాలదు. ఏడాదంతా మట్టిరంగులో ఉండేవి ఆ నాలుగు రోజులూ పసుపు రాసుకున్న పెళ్లికొడుకుల్లా మెరుస్తాయి, గొంతు కింద నీలం బుడగలు ఉబ్బుతాయి. వాన కోసం మనవాళ్లు రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిప్పుతారు గానీ, కప్పల పెళ్లి మాత్రం వాన పడ్డాకే.

మగది ఆడదాని వీపెక్కి చంకల దగ్గర బిగించి పట్టుకుంటుంది. ఆడది వదిలిన గుడ్ల మీద వీర్యం చల్లుతుంది. ఫలదీకరణ ఒంటి బయటే. చిక్కంతా గుడ్డుతోనే. కోడిగుడ్డులా దానికి పెంకు లేదు. ఆరితే చస్తుంది, నీళ్లలో వదిలితే చేపల పాలు. గోదురుకప్ప వేలకొద్దీ గుడ్లను జిగురు దండల్లా నాచుకు చుట్టి తన దారిన తాను పోతుంది.

చెట్టుకప్ప అలా కాదు. స్నానాల గది గోడకు అతుక్కుని కూర్చుంటుందే, వేళ్ల కొసల్లో గుండ్రటి బిళ్లలతో, అదే. నీటి పైకి వంగిన కొమ్మనో, సిమెంటు తొట్టి లోపలి గోడనో చూసుకుంటుంది. ఆడది జిగురు ద్రవం వదులుతూ వెనక్కాళ్లతో దాన్ని గిలక్కొడుతుంది, అచ్చం మనం తెల్లసొన గిలక్కొట్టినట్టు. తెల్లటి నురగముద్ద లేస్తుంది, గుడ్లు అందులోనే. పైపొర ఆరి అట్టకడుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. కొన్ని రోజులకు నురగ మెత్తబడి, తోకకప్పలు ఒక్కొక్కటే చినుకుల్లా కింది నీళ్లలోకి జారతాయి. అప్పటికి కింద నీళ్లు ఇంకిపోతే ఆ కాన్పు వృథా.

నీళ్లలో వాటికి మొప్పలుంటాయి, నాచు గీక్కు తింటాయి. తర్వాత థైరాయిడ్ హార్మోను పని మొదలవుతుంది. 1912లో గుడెర్నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు థైరాయిడ్ గ్రంథి ముక్కలు పెడితే, అవి పెరగకుండానే బుల్లి కప్పలైపోయాయి. తోక ఊడిపోతుందనుకుంటాం, ఊడదు. ఒంట్లోనే కరిగిపోతుంది. నోరు మారుతూ తిండి తినలేని ఆ రోజుల్లో తోకే దాని చద్దిమూట.

ఉభయచరాలన్నీ ఇలా నీటితో తంటాలు పడవు. చూడ్డానికి వానపాములా ఉండే కాళ్లులేని సిసీలియన్లలో ఫలదీకరణ ఆడదాని ఒంట్లోనే. ఆంధ్ర, ఒడిశాల్లోని తూర్పు కనుమల్లో సుమారు 1,200 మీటర్ల ఎత్తున దొరికిన వాటిని 2013లో కొత్త జాతిగా వర్ణించి గెజెనియోఫిస్ ఓరియెంటాలిస్ అని పేరు పెట్టారు. పడమటి కనుమల్లో వీటి దాయాది ఒకటి ఏకంగా పిల్లల్నే కంటుందని 2008లో తేలింది.

ఈ వానల్లో మీ తొట్టి గోడకు తెల్లటి నురగ కనిపిస్తే చీపురుతో గీకెయ్యకండి. ఓ వారం ఆగండి, తొట్టిలో నీళ్లు మాత్రం ఉండనివ్వండి.