బావి మోటారు – విద్యుద్గణితము

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి తెలుగు రైతులకు బావి మోటారు నిత్యపరిచితము. అయినను అది యేల కాలిపోవునో లెక్కించి చూచువారు కొందఱే. ఆ గణితము కష్టమైనది కాదు.

జర్మను శాస్త్రజ్ఞుడు ఓము 1827లో ప్రకటించిన సూత్రము ననుసరించి, వోల్టులను ఆంపియర్లచే భాగించిన నిరోధము ఓములలో లభించును. ఆ రెంటిని గుణించిన సామర్థ్యము వాట్లలో తేలును. 230 వోల్టులపై 5 ఆంపియర్లు తీసికొను నీళ్ల హీటరు నిరోధము 46 ఓములు; సామర్థ్యము 1,150 వాట్లు; గంటకు ఖర్చు 1.15 యూనిట్లు. సింగిల్ ఫేజు మోటారునకు మాత్రము ఈ లబ్ధమును పవర్ ఫ్యాక్టరుచే గూడ గుణింపవలెను.

ఇక తీగ మాట. స్తంభమునుండి బావికి పోయి వచ్చు తీగల నిరోధము 2 ఓములు, ప్రవాహము 10 ఆంపియర్లు అనుకొందము. 20 వోల్టులు దారిలోనే తఱుగును. మోటారునకు సుమారు 210 మాత్రమే చేరును. ప్రవాహపు వర్గమును నిరోధముచే గుణింపగా వచ్చు 200 వాట్లు వేడియై వ్యర్థమగును. వోల్టేజి తగ్గినను నీటి బరువు తగ్గదు గనుక మోటారు హెచ్చు ప్రవాహమును లాగును. చుట్లు వేడెక్కి కాలును. అడ్డుకోత వైశాల్యము రెట్టింపైన తీగను వేసినచో నిరోధము సగమగును. అదే ప్రవాహమునకు నష్టమును సగమగును.

పొరుగుననే దీనికి నిదర్శనము గలదు. 1902లో శివసముద్రమునుండి సుమారు 147 కిలోమీటర్ల దూరమునకు, కోలారు బంగారు గనులకు, విద్యుత్తును హెచ్చు వోల్టేజిపై పంపిరి. వోల్టేజి పదిరెట్లైనచో, అంతే సామర్థ్యమునకు ప్రవాహము పదవ వంతు, తీగలోని నష్టము నూఱవ వంతు అగును.

తమిళనాట సేద్యపు విద్యుత్తు ఉచితమైనను, కాలిన మోటారును తిరిగి చుట్టించు ఖర్చు రైతుదే. కావున తీగ కొనుటకు ముందే ఈ లెక్క వేసికొనుట మేలు.