గాలి మోసే బండి!

నంద్యాల మీదుగా తిరుపతి వెళ్లే రాత్రి బస్సు. డిక్కీ నిండా సోనా బియ్యం మూటలు. ఆళ్లగడ్డ దాకా 40 కిలోమీటర్ల దారి. అయినా ఒళ్లో పాపాయి నిద్ర చెదరదు. బస్సుకున్నది ఎయిర్ సస్పెన్షనైతే ఆ ఘనత గాలిదే!

పాత బస్సుల్లో బరువు మోసేవి ఉక్కు కమాన్లు. వీటిలో ఆ పని రబ్బరు గాలితిత్తులది. మూటలు పడి బస్సు కిందికి దిగితే ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్యనున్న చిన్న మీట కదులుతుంది. వాల్వు తెరుచుకుని తిత్తుల్లోకి గాలి చేరుతుంది. మూటలు దించేస్తే ఎక్కువైన గాలి బయటికి పోతుంది. బస్సు ఎత్తు మాత్రం మారదు.

మనదేశానికి 2001లో వచ్చిన వోల్వో బీ7ఆర్ బస్సులతో ఈ సుఖం చాలామందికి తెలిసింది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1973 నుంచి 1978 వరకూ తయారుచేసిన మోటార్‌హోమ్‌లో అప్పటికే ఇది ఉంది. వెనక ఒక్కోపక్క రెండేసి చక్రాలు, వాటి మధ్య గాలితిత్తి. ఇల్లే బండి మరి, ఆగినచోట మంచం వాలితే నిద్రెలా పడుతుంది?

ఇప్పుడా బండ్లు పాతబడ్డాయి. రబ్బరు పగిలితే గాలి దిగి బండి ఉన్నట్టుండి కూలబడుతుంది. మన బస్సులకూ అదే ముప్పు. అందుకే మెకానిక్కులు మరవకూడని మాటొకటుంది... ఛాసిస్ కింద గట్టి స్టాండు పెట్టకుండా, గాలిని నమ్మి బండి కింద దూరకూడదు. ప్రయాణికుల సుఖనిద్ర ఎంత ముఖ్యమో, వాళ్ల ప్రాణమూ అంతే!