ఉరుకు ఈత వేరు.. దమ్ము ఈత వేరు

సూర్యాపేట: బావులూ చెరువూ వున్న ప్రతి వూళ్ళోనూ ఇద్దరు ఈతగాళ్ళుంటారు. మొదటివాడు గట్టు మీద నుంచి దూకాడంటే చప్పుడు సద్దుమణిగే లోపల అవతలి దరి పట్టుకుంటాడు. పిల్లలంతా వాడి చుట్టూనే తిరుగుతారు. రెండవవాడు పందెంలో ఎన్నడూ గెలవడు. కాని బర్రెలను తోలుకొని చెరువులో దిగితే పొద్దు వాలేదాకా నీళ్ళలోనే వుంటాడు, రొప్పడు, ఒగర్చడు. వూళ్ళో 'గజ ఈతగాడు' అనే పేరు మాత్రం మొదటివాడికే దక్కుతుంది.

ఒలింపిక్ పోటీల్లో ఐతే ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టరు. చెరొక పందెం వుంటుంది. 50 మీటర్లు మొదటివాడిది. 1500 మీటర్లు రెండవవాడిది. పోటీ జరిగే కొలను పొడవు 50 మీటర్లు. కనుక పొట్టి పందెం అంటే ఒక్కసారి ఈ గోడ నుంచి ఆ గోడకు పోవడమే. పొడవు పందెంలో అదే కొలనును 30 సార్లు ఈదాలి, 29 సార్లు గోడను తన్ని వెనక్కు తిరగాలి. ఎన్నోసారి తిరుగుతున్నాడో ఈదేవాడికి గుర్తుండదు గనుక ఇంకా ఎన్ని మిగిలాయో అంకెలు చూపే ఏర్పాటు కొలను చివర వుంటుంది. ఆఖరు చుట్టుకు గంట కూడా కొడతారు. పొట్టి పందెంలో గంటకేం పని, గంట మోగేలోపల పందెమే ముగుస్తుంది!

2024 పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల 50 మీటర్ల ఫ్రీస్టయిల్‌ను ఆస్ట్రేలియాకు చెందిన కామెరాన్ మెకెవాయ్ 21.25 సెకన్లలో గెలిచాడు. రెండవవాడైన బ్రిటన్ ఈతగాడు బెన్ ప్రౌడ్‌కు పట్టింది 21.30 సెకన్లు. తేడా సెకనులో ఇరవయ్యో వంతు. దూరంలో చూస్తే జానెడు కూడా లేదు. దూకడంలో కాలు కాస్త జారినా, గోడను తాకేటప్పుడు చెయ్యి అరక్షణం ఆలస్యమైనా నాలుగేళ్ళ శ్రమ నీళ్ళపాలే. 2000లో సిడ్నీలో ఐతే ఆంథోనీ ఎర్విన్, గ్యారీ హాల్ అనే ఇద్దరు అమెరికన్లు 21.98 సెకన్లకు ఒక్కసారే గోడను తాకారు. ఇద్దరికీ బంగారు పతకాలివ్వక తప్పలేదు.

అదే పారిస్‌లో మహిళల 1500 మీటర్ల పందెం తీరు చూడండి. అమెరికాకు చెందిన కేటీ లెడెకీ 15 నిమిషాల 30.02 సెకన్లలో గోడను తాకింది. రెండవ స్థానంలో వున్న ఫ్రాన్సు క్రీడాకారిణి రావడానికి ఇంకో 10 సెకన్లు పట్టింది. లెడెకీ 800 మీటర్ల పందేన్ని 2012 నుంచి వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లో గెలిచింది. మొదటిసారి గెలిచినప్పుడు ఆమె వయస్సు 15 ఏళ్ళు. విచిత్రమేమంటే, మగవాళ్ళకు 1908 నుంచీ 1500 మీటర్ల పందెం వుండగా, ఆడవాళ్ళకు మాత్రం 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ దాకా పెట్టలేదు. అంత దూరం ఆడవాళ్ళు ఈదలేరనుకున్నారో ఏమో! ఎండలో రోజంతా నడుం వంచి నాట్లు వేసే మన ఆడవాళ్ళను ఒక్కసారి చూసివుంటే ఆ అనుమానం వచ్చేది కాదు. 50 మీటర్ల పందెం కూడా పాతదేమీ కాదు. అది 1988లో సియోల్‌లో మొదలైంది.

ఇంతకూ 50 మీటర్లలో గెలిచినవాడే 1500 మీటర్లలోనూ ఎందుకు గెలవడు? మేళ్ళచెరువు జాతరలో ఎడ్ల పందాలు చూసినవారికి దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. పందెపు ఎడ్లు వేరు, దుక్కి ఎడ్లు వేరు. మనిషి కండలోనూ రెండు రకాల పోగులున్నాయి. ఒక రకం చటుక్కున బిగిసి గట్టిగా లాగుతుంది, త్వరగా అలసిపోతుంది. రెండవది నిదానంగా లాగుతుంది, చాలాసేపు లాగుతుంది. ఎవరిలో ఏ రకం ఎంత వుంటుందన్నది చాలావరకు పుట్టుకతో వచ్చేది.

ఇక తిండి సంగతి. కండలో సిద్ధంగా నిలవ వుండే శక్తి పది సెకన్లకు మించి రాదు. ఆ తర్వాత శరీరం లోపలి చక్కెరను కరిగించుకుంటుంది. వూపిరి చాలకుండా ఆ పని ఎక్కువసేపు జరిగితే చేతులు మండుతాయి, కాళ్ళు బరువెక్కుతాయి. పొట్టి పందెంలో ఈలోపే గోడ వచ్చేస్తుంది. అందుకే మేటి ఈతగాళ్ళు చాలామంది ఆ 50 మీటర్లలో వూపిరి పీల్చడానికి తల పక్కకు తిప్పనే తిప్పరు, తిప్పినా ఒక్కసారే. పొడవు పందెం సాంతం వూపిరి మీదే నడుస్తుంది.

నీళ్ళలో ఇంకో చిక్కుంది. వేగం రెట్టింపు చేస్తే నీరు అడ్డుపడే బలం నాలుగింతలవుతుంది. అంటే తొందరపడినకొద్దీ దండుగ ఖర్చు. కాళ్ళ కండరాలు పెద్దవి గనుక వాటి మేత కూడా పెద్దదే. దూరం ఈదేవాళ్ళు కాళ్ళు పొదుపుగా ఆడించి, చేతుల మీద సాగిపోతారు. అలాగని వాళ్ళు మెల్లగా పోతారనుకుంటే పొరపాటు. పారిస్‌లో అమెరికా ఈతగాడు బాబీ ఫింకె 1500 మీటర్లను 14 నిమిషాల 30.67 సెకన్లలో ఈది, 2012 నుంచి నిలిచివున్న ప్రపంచ రికార్డును బద్దలు కొట్టాడు. ప్రతి 50 మీటర్లకూ సగటున 29 సెకన్లు, అలా 30 సార్లు! అంతకుముందు టోక్యోలో ఐతే అతడు దాచుకున్న బలాన్నంతా చివరి 50 మీటర్లలో కుమ్మరించి, ముందున్నవారిని దాటిపోయాడు.

సాధనలోనూ ఈ తేడా వుంది. ఎంత ఎక్కువ ఈదితే అంత మంచిదని ఒకప్పుడు అందరికీ ఒకే మందు పోసేవారు. మెకెవాయ్ కూడా అలాగే వారానికి 30 కిలోమీటర్ల దాకా ఈదినవాడే. టోక్యో తర్వాత కొంతకాలం కొలను వదిలిపెట్టి, తిరిగి వచ్చాక దాన్ని కొద్ది కిలోమీటర్లకు తగ్గించి, బరువులెత్తి బలం పెంచుకున్నాడు. 30 ఏళ్ళ వయస్సులో బంగారు పతకం తెచ్చుకున్నాడు. దూరం ఈదేవాళ్ళు మాత్రం ఈ దారి పట్టడానికి లేదు. వాళ్ళు తెల్లవారకముందే లేచి కిలోమీటర్లకు కిలోమీటర్లు ఈదవలసిందే.

మన తెలుగువారిలో చెప్పుకోదగ్గ పేర్లు దమ్ము ఈతలోనే కనిపిస్తున్నాయి. హైదరాబాద్‌కు చెందిన వృత్తి అగర్వాల్ 800, 1500 మీటర్ల పందేల్లో తెలంగాణకు జాతీయ స్థాయి పతకాలు తెచ్చింది. గోలి శ్యామల కథ మరీ విశేషం. హైదరాబాద్‌లో వుంటూ యానిమేషన్ చిత్రాల పని చేసుకొనే ఆమె నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక ఒడ్డు నుంచి ధనుష్కోటి దాకా సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. ఆమెను బావి దగ్గర మన కుర్రవాళ్ళతో పందేనికి దింపితే ఒడ్డున కూర్చున్నవాళ్ళు నవ్వేవారేమో.

ఈ మాటలన్నీ మన ప్రాంతానికి ఎందుకంటే కారణం వుంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మీదుగా సాగర్ ఎడమ కాలువ పోతోంది. నీళ్ళు వదిలిన రోజుల్లో కాలువలో పడి ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో ఈత రానివారే కాదు, బాగా వచ్చినవారూ వున్నారు. బావి నీరు నిలిచివుంటుంది, దరి నాలుగు బారల్లో అందుతుంది. కాలువ నీరు ఈడ్చుకుపోతుంది. లైనింగు గోడ ఏటవాలుగా వుండి, పాచి పట్టి చేతికి చిక్కదు. దూకిన చోటనే ఎక్కాలని ఎదురీదేవాడు పొట్టి పందెపు బలమంతా నిమిషంలో ఖర్చు పెట్టుకుంటాడు. అటుపైన చేతులు లేవవు. కాలువలో పడ్డవాడు నీటితో పాటు పోతూ, తల పైకి వుంచుకొని, ఏటవాలుగా ఒడ్డుకు జరుగుతూ, మెట్లు వచ్చేదాకా వూపిరి కాపాడుకోవాలి. ఒడ్డున వున్నవాళ్ళు వెంట దూకకుండా తాడో, పొడవాటి కర్రో, కనీసం తలపాగానో అందించాలి.

పాఠశాలల ఈత పోటీలకు పిల్లలను ఎంచే వ్యాయామోపాధ్యాయులతోనూ ఒక మాట. ఒక్క దరి ఈదించి ముందు వచ్చిన ఇద్దరి పేర్లు రాసుకొని వెళ్ళడం తేలిక. ఆ పోటీల్లోనూ పొట్టి పందేలతో పాటు పొడవు పందేలున్నాయి. ఆఖరున వచ్చిన పిల్లవాడు గట్టెక్కాక రొప్పుతున్నాడా లేదా చూడండి. రొప్పకపోతే ఇంకో ఇరవై దరులు ఈదించి, అప్పుడు రాసుకోండి పేరు.