గల్లాపెట్టెకు తెలియని లాభం

రోజూ ఎంత అమ్మారో ఫోన్ చెబుతుంది. ఎంత మిగిలిందో చెప్పాల్సింది అరలో ఉన్న సరుకు. తార్నాక దుకాణాల్లో దాన్ని లెక్కపెట్టే తీరిక ఎవరికుంది?

తార్నాక చౌరస్తా చుట్టుపక్కల, ఉస్మానియా క్యాంపస్ దారుల్లో ఉన్న దుకాణాల్లో చాలావరకు ఒకచోట కొని ఇంకోచోట అమ్మేవే. స్టేషనరీ, బ్యాగులు, ఫోన్ కవర్లు, పోటీ పరీక్షల గైడ్లు, కొత్తగా హాస్టల్లో చేరిన పిల్లలకు బకెట్లు, పరుపులు. ఏదీ ఇక్కడ తయారు కాదు. బేగంబజార్‌లోనో కోఠిలోనో టోకున తెస్తారు, ఇక్కడ విడిగా అమ్ముతారు. కౌంటర్ మీద క్యూఆర్ కోడు, పక్కన మాట్లాడే డబ్బా. పది రూపాయల పెన్ను అమ్మినా వీధికి వినపడేలా చాటుతుంది. రాత్రి షటర్ దించేసరికి ఆ రోజు అమ్మకం ఫోన్లో పైసలతో సహా తేలిపోతుంది. మరి ఎంత మిగిలిందని అడిగితే మాత్రం వచ్చే జవాబు ఒకటే: "నడుస్తోందన్నా!"

ఆ నడకను కొలిచే పద్ధతి ఆ పక్కనే క్యాంపస్‌లో ఉంది. కామర్స్ కాలేజీ మెట్లెక్కే విద్యార్థుల్లో చాలామంది ఇంటర్లోనే వర్తకపు ఖాతా వేయడం నేర్చుకుని వస్తారు. ప్రారంభపు సరుకుకు కొనుగోళ్లు కలపాలి, రవాణా, హమాలీ ఖర్చులు కలపాలి, అందులోంచి ముగింపు సరుకు తీసేయాలి. వచ్చేది అమ్మిన సరుకు ఖరీదు. దాన్ని అమ్మకాల్లోంచి తీసేస్తే స్థూల లాభం. అద్దె, జీతం, కరెంటు బిల్లు తీసేశాక మిగిలేది నికర లాభం. ఇటలీలో లూకా పాచియోలీ జంట పద్దు విధానాన్ని 1494లో అచ్చు వేయించాడు. మన బజార్లలో బహీఖాతాలు రాసిన సేట్లకు ఆయన పేరు తెలియకపోయినా ఈ కూడికా తీసివేతా కొట్టిన పిండే.

అయితే పరీక్ష పేపర్లో ఒక సౌకర్యం ఉంటుంది. ముగింపు సరుకు విలువ ఇంత అని లెక్క కిందే ఇచ్చేస్తారు. దుకాణంలో ఆ అంకె ఎవరూ ఇవ్వరు. నిచ్చెనెక్కి, దుమ్ము దులిపి, ఒక్కొక్క అట్టపెట్టె విప్పి చూసుకోవాలి. చిల్లర వర్తకుల లెక్క సాధారణంగా తప్పేది ఇక్కడే.

రెండు నెలలు, రెండు అబద్ధాలు

ఒక స్టేషనరీ దుకాణం అనుకుందాం. క్లాసులు మొదలయ్యే నెల. ఒకటో తారీఖున అరల్లో 1,80,000 రూపాయల సరుకుంది. నెలలో 2,40,000కు కొన్నారు, ఆటో ట్రాలీకి, హమాలీలకు 4,000 అయింది. 2,60,000కు అమ్మారు. అద్దె, కుర్రాడి జీతం, కరెంటు కలిపి 35,000. వచ్చింది 2,60,000, పోయింది 2,79,000. గల్లాపెట్టె 19,000 లోటు చూపిస్తోంది. యజమాని తలపట్టుకుంటాడు. కానీ నెలాఖరున సరుకు లెక్కపెడితే 2,24,000 ఉంది. అంటే అమ్మిన సరుకు ఖరీదు 2,00,000 మాత్రమే. స్థూల లాభం 60,000, ఖర్చులు పోను నికరంగా 25,000 మిగిలింది. ఆ డబ్బు, దానికి తోడు ఇంకో 19,000, నోటు పుస్తకాల రూపంలో అరలోకి చేరాయి.

ఇప్పుడు హాస్టళ్లు ఖాళీ అయ్యే ఎండాకాలం నెల. మొదట్లో సరుకు 2,10,000. గిరాకీ లేదు కదాని కొన్నది రవాణాతో కలిపి 60,000కే. అమ్మకం 1,50,000. ఖర్చులు అవే 35,000. చేతిలో 55,000 మిగిలింది. ఈ నెల బాగుందని ఇంట్లో ఫ్రిజ్ కొంటారు. లెక్కపెడితే అరలో మిగిలింది 1,52,000. అమ్మిన సరుకు ఖరీదు 1,18,000, స్థూల లాభం 32,000. ఖర్చులకు 3,000 తక్కువ. నష్టపోయిన నెలలో ఫ్రిజ్ వచ్చింది, లాభమొచ్చిన నెలలో అప్పు పుట్టింది.

నగదుకీ లాభానికీ మధ్య ఈ ఎడం పెద్ద సంస్థలకూ చుట్టుకుంటుంది. 1997లో చెన్నైలో మొదలై దేశమంతా దాదాపు 1,600 దుకాణాలు తెరిచిన సుభిక్ష 2009లో మూతపడింది. సరుకుకు, జీతాలకు, అద్దెలకు కట్టడానికి నగదు లేకపోయింది. కాబట్టి లాభం ఒక్కటే చూసుకున్నా ముప్పే. రెండు అంకెలూ కావాలి, విడివిడిగా.

ధర దగ్గర ఇంకో తికమక ఉంది. 80కి కొని 100కి అమ్మితే పాతిక శాతం లాభమని చాలామంది అంటారు. కొన్న ధర మీద నిజమే. అమ్మిన ధర మీద అది ఇరవై శాతమే, డిస్కౌంటు ఇచ్చేది ఈ ధర మీద. ప్రారంభోత్సవం ఆఫరని పది శాతం తగ్గిస్తే, పోయింది పది రూపాయలే అనిపిస్తుంది గానీ ఆ ముక్క మీద లాభంలో సగం పోయింది. ఇరవై శాతం బోర్డు పెట్టినవాళ్లు అద్దె జేబులోంచి కడుతున్నట్టే.

గైడ్ల గుట్ట విలువెంత?

ముగింపు సరుకును లెక్కపెట్టడం సగం పని, విలువ కట్టడం మిగతా సగం. కొన్న ధర, ఇప్పుడు అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే ధర, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే రాయాలన్నది మన దేశపు గణక ప్రమాణం. ఉస్మానియా దారుల్లో ఈ నియమానికి గ్రూప్-1ని మించిన ఉదాహరణ లేదు. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్‌ను పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషనే పోయి 563 పోస్టులతో కొత్తది వచ్చింది. అదే ఏడాది ఈ పరీక్షలు పెట్టే టీఎస్‌పీఎస్సీ కాస్తా టీజీపీఎస్సీ అయింది. లైబ్రరీలో కూర్చుని ఏళ్ల తరబడి చదివిన అభ్యర్థుల కష్టం వేరు, దాన్ని దీనితో పోల్చలేం. గైడ్లమ్మేవారికి మాత్రం రద్దు వార్త వచ్చిన ప్రతిసారీ అరలోని సరుకు విలువ మారినట్టే. 300కి కొన్న పాత ఎడిషన్‌ను ఇప్పుడు 120కి అడుగుతుంటే, పద్దుల పుస్తకంలో దాని విలువ 120. 300 అనే రాసుకుంటే లాభం కాగితం మీద ఉబ్బుతుంది. పట్టుకెళ్లి పాత పుస్తకాల వాడికి వేసినరోజు నష్టమంతా ఒక్కసారే మీద పడుతుంది.

ధరలు మారే సరుకుతో ఇంకో చిక్కు. 40 రూపాయల చొప్పున వంద నోటు పుస్తకాలు తెచ్చారు, తర్వాత 46 చొప్పున ఇంకో వంద. 120 అమ్ముడయ్యాయి. మిగిలిన 80 విలువ? ముందొచ్చినవే ముందు పోయాయనుకుంటే 3,680. సగటు వేస్తే 3,440. రెండూ చెల్లుతాయి, ఏటా ఒకే పద్ధతి పాటించాలి. లాభం ఎక్కువ కనిపించాలని ఒక ఏడు ఇదీ, పన్ను తగ్గాలని ఇంకో ఏడు అదీ పట్టుకుంటే కుదరదు.

20 లక్షల గీత

2025 సెప్టెంబరు 22న నోటు పుస్తకాలు, ల్యాబ్ రికార్డులు, పెన్సిళ్ల మీద 12 శాతం జీఎస్టీ సున్నా అయింది. కొనేవాళ్లకు శుభవార్తే. ముందురోజు రాత్రి అరల నిండా 12 శాతం కట్టి తెచ్చిన సరుకు పెట్టుకున్న రిజిస్టర్డ్ వర్తకుడి సంగతి వేరు. అమ్మకం మీద పన్ను లేనప్పుడు, కొన్నప్పుడు కట్టిన పన్నును మినహాయించుకునే వీలుండదు. మిగిలిన సరుకు మీద తీసుకున్న క్రెడిట్‌ను వెనక్కి కట్టాలి. 40 రూపాయల పుస్తకం ఒక్క రాత్రిలో 44.80 పడింది. అది ఎన్ని పుస్తకాల మీదో ఆ రోజు సరుకు లెక్కపెట్టినవాళ్లకే తెలుస్తుంది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు ఆంధ్రప్రదేశ్‌తో సహా చాలా రాష్ట్రాల్లో సరుకు అమ్మేవాళ్లకు పరిమితి ఏటా 40 లక్షలు. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. అంటే రోజుకు సుమారు 5,500 రూపాయల అమ్మకం. చౌరస్తా దుకాణానికి అదేమంత పెద్ద అంకె కాదు. పైగా ఆ లెక్క అమ్మకం మీద, లాభంతో దానికి పని లేదు. పుస్తకాల మీద పన్ను లేకపోయినా, పక్కన పెన్నులూ బ్యాగులూ అమ్ముతుంటే పుస్తకాల అమ్మకం కూడా ఇందులో కలుస్తుంది. కోటిన్నర లోపు టర్నోవరున్న వర్తకులు కాంపొజిషన్ పథకంలో చేరి ఒక శాతం కట్టి ఊరుకోవచ్చు. కాకపోతే కొన్న సరుకు మీది పన్ను వెనక్కి రాదు, గిరాకీ దగ్గర పన్ను వసూలు చేయకూడదు.

2025 జులైలో కర్ణాటకలో చిన్న వర్తకులకు యూపీఐ వసూళ్ల ఆధారంగా పన్ను నోటీసులు వెళ్లాయి. బెంగళూరులో కొందరు క్యూఆర్ కోడు పీకేసి నగదు మాత్రమే అని బోర్డు పెట్టారు. నాకైతే అది థర్మామీటరు విరగ్గొట్టి జ్వరం తగ్గిందనుకోవడంలా అనిపించింది. అమ్మకాల లెక్క ఎలాగూ అవతలివాళ్ల దగ్గర ఉంది. కొనుగోలు బిల్లులు మన దగ్గర లేకపోతేనే వాదన ఓడిపోతాం.

ఆదాయపు పన్నులో చిన్న వర్తకులకు ఒక వెసులుబాటుంది: నగదు అమ్మకంలో 8 శాతం, డిజిటల్ వసూళ్లలో 6 శాతం లాభమని చూపిస్తే పద్దుల పుస్తకాలు అడగరు. మంచి సదుపాయమే. దీనివల్ల లెక్కలు రాయక్కర్లేదన్న అలవాటు కూడా పాతుకుపోయింది. ఆ 6 శాతం ప్రభుత్వం అనుకున్న లాభం. మీకొచ్చింది 11 కావచ్చు, 2 కావచ్చు.

ఇక లాభాన్ని ఎవరికీ తెలియకుండా తినేసేవి రెండు. ఒకటి ఉద్దర. "అన్నా, స్కాలర్‌షిప్ పడగానే ఇస్తా" అన్న కుర్రాడి పద్దు ఆ రోజే రాయాలి. సరుకు అరలోంచి పోయింది, డబ్బు రాలేదు, పుస్తకంలోనూ లేకపోతే అది దొంగతనానికి గురైన సరుకుతో సమానం. రెండోది సొంతవాడకాలు. గల్లాలోంచి తీసి కట్టిన పిల్లల ఫీజు దుకాణం ఖర్చు కాదు, ఇంటికి పట్టుకెళ్లిన పెన్నుల డబ్బా అమ్మకమూ కాదు. కొన్న ధరకు యజమాని పేర రాసుకోవాలి.

మార్చి 31 సాయంత్రం షటర్ సగం దించి లెక్కపెట్టడం మేలు. ఒకరు లెక్కపెట్టాలి, ఇంకొకరు రాయాలి. రాసేవాడి ముందు పాత అంకె ఉండకూడదు, ఉంటే చెయ్యి దానివైపే లాగుతుంది. చినిగినవీ తడిసినవీ వేరే కుప్ప. హోల్‌సేల్ వాడు అమ్ముడుపోతేనే డబ్బివ్వమని వదిలివెళ్లిన సరుకు మనది కాదు, దాన్ని కలపకూడదు. మొదటిసారి లెక్కపెట్టినప్పుడు లాభం ఎలాగూ తేలదు, ప్రారంభపు సరుకు ఎంతో ఎవరికీ గుర్తుండదు కనుక. ఏప్రిల్ ఆఖరున రెండోసారి లెక్కపెట్టినప్పుడు మొదటి జవాబు వస్తుంది.