పసిగుండె తూము

మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువును పదమూడవ శతాబ్దిలో కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినది. ఎంత పెద్ద చెరువైనా దాని ప్రయోజనం తూము మీదనే ఆధారపడి ఉంటుంది. తూము పూడితే పొలం ఎండుతుంది. తలుపు మూతపడకపోతే నీరు వృథా అవుతుంది. మన హృదయానికీ అట్టి తూము ఒకటి కలదు. ఎడమ జఠరికకు, బృహద్ధమనికి నడుమ మూడు పలుచని రెక్కలతో అమరిన కవాటమే అది.

నూటికి ఒకరిద్దరు రెండు రెక్కల కవాటంతో పుడతారు. వారిలో చాలమందికి బాల్యంలో ఏ బాధా ఉండదు. కాని కొందరు శిశువులకు రెక్కలు అంటుకొనిపోయి, ద్వారం మిక్కిలి ఇరుకవుతుంది. గర్భంలో రక్తప్రసారానికి తోడ్పడిన నాళం, పుట్టిన కొద్ది రోజులకు మూసుకొనగానే, అట్టి బిడ్డ ప్రాణాపాయంలో పడుతుంది. వైద్యులు ప్రోస్టాగ్లాండిన్ అనే మందుతో ఆ నాళాన్ని తెరచి ఉంచుతారు. పిమ్మట సన్నని గొట్టం ద్వారా చిన్న బెలూనును పంపి ఉబ్బించి గాని, శస్త్రచికిత్సతో రెక్కలను విడదీసి గాని రక్తానికి దారి కల్పిస్తారు.

చెడిన కవాటాన్ని తీసివేసి, కృత్రిమ కవాటాన్ని అమర్చరాదా? పెద్దలకు అమర్చుతూనే ఉన్నారు. కాని బిడ్డ పెరుగుతాడు. కృత్రిమ కవాటం పెరుగదు. పైగా యాంత్రిక కవాటమైతే, రక్తం గడ్డకట్టకుండ జీవితాంతం మందు వాడవలెను. అందువల్లనే స్వంత కవాటాన్ని బాగుచేసి, వీలైనంత కాలం నిలుపుటకు శస్త్రవైద్యులు ప్రయత్నిస్తారు.

అది సాధ్యం కానప్పుడు మరియొక మార్గం ఉన్నది. 1967లో లండన్‌లో డొనాల్డ్ రాస్ దానిని ప్రారంభించారు. రోగి పుపుస ధమని కవాటాన్నే బృహద్ధమని స్థానంలో కుట్టి, ఖాళీ అయిన చోట దాత కవాటాన్ని అమర్చుతారు. స్వంత కణజాలం కాబట్టి అది బిడ్డతోపాటు పెరుగుతుంది. దాత కవాటాన్ని మాత్రం ముందుముందు మార్చవలసి రావచ్చు.

ఇంత విద్య ఉన్నా, వ్యాధిని సకాలంలో గుర్తించకపోతే నిష్ఫలమే. పరుగులో సొమ్మసిల్లే బాలుని, ఆటలో ఛాతీనొప్పి అనే బాలికను సోమరులని మందలించక, వైద్యునికి చూపించవలెను. ఏ లక్షణమూ లేని బిడ్డ గుండెలోని అసహజ శబ్దం స్టెతస్కోపుకే వినిపిస్తుంది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద, వైద్యబృందాలు బడులకు, అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, పేదబిడ్డల గుండె శస్త్రచికిత్సలకు ఆసరాగా నిలిచినది. పరీక్ష జరిగే దినాన ఒక్క బిడ్డ కూడ బడి మానకుండ చూడడం ఉపాధ్యాయుని చేతిలోని పని.